తొమ్మిది వేల మూతల గోడ

ఎలిజబెత్‌కి ఎత్తు ఎక్కితే నవ్వొస్తుంది. కడుపులోంచి బుడగల్లా తన్నుకొచ్చే నవ్వు. నోరు మూసుకుంటే ముక్కులోంచి వస్తుంది. పదేళ్ళప్పుడు ఏలూరు ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కిస్తే, అది ఆగేదాకా నవ్వుతూనే ఉంది. పక్కన కూర్చున్న తండ్రి యోసేపు పిల్లకేమైందోనని హడలిపోయి, దిగగానే నిమ్మసోడా తాగించాడు. సోడా తాగి, చక్రం వంక చూసి, "ఇంకోసారి నాన్నా" అంది.

యోసేపుకి ఏలూరులోనే పవర్‌పేట స్టేషను అవతల ఒక సందులో రేకు దుకాణం ఉండేది. ట్రంకుపెట్టెలు, గరాటులు, కిరసనాయిలు డబ్బాలు, బియ్యం పీపాలు చేసేవాడు. ఒక్కతే కూతురు. బడి నుంచి రాగానే సంచీ మేకుకి తగిలించి తండ్రి పక్కన చేరేది. పన్నెండేళ్ళకే రేకుల కత్తెరతో చందమామంత గుండ్రంగా కత్తిరించేది. పద్నాలుగేళ్ళొచ్చేసరికి పెట్టె మూతకి అంచు మడిచి, కీలు కూర్చడంలో తండ్రినే మించిపోయింది. యోసేపుకి చప్పుడు చేసే మూతంటే పడేది కాదు. కూతురు చేసిన ప్రతి పెట్టె మూతనీ చెవి దగ్గర పెట్టుకుని తీసి, వేసి, మళ్ళీ తీసి చూసేవాడు. కిర్రుమంటే వెనక్కి ఇచ్చేసేవాడు. కిర్రుమనకపోతే ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోలని ఎలిజబెత్‌కి తెలుసు.

తర్వాత పెళ్ళయింది. భర్త వెస్లీ ఆటో నడుపుతాడు. నెమ్మదస్తుడు, చర్చిలో బాగా పాడతాడు, ఎత్తంటే మాత్రం మహా భయం. ఇంటి మీద నీళ్ళ ట్యాంకు కడగాలంటే ఎలిజబెత్ ఎక్కాలి, ఆయన కింద నిచ్చెన పట్టుకోవాలి. పైనుంచి ఆవిడ నవ్వు వినపడుతుంటే కింద ఈయన దేవుణ్ణి తలుచుకునేవాడు.

యోసేపు పోయాడు. ప్లాస్టిక్ వచ్చి ట్రంకుపెట్టెలూ పోయాయి. అయినా ఎలిజబెత్ దుకాణం మూయలేదు. కొల్లేటి వైపు చెరువుల వాళ్ళకి చేపల మేత తోడే చేటలు, నీళ్ళు చిలికే మోటార్ల మీద కప్పే రేకు తొడుగులు చేసిపెట్టేది. కొత్తగా కట్టే మేడలకి వాననీళ్ళు జారే రేకు దోనెలు అమర్చేది. ఆ దోనెల పని మీదే నలభై ఏడో ఏట, ఏప్రిల్ నెలలో, దెందులూరు దగ్గర హైవే పక్కన కడుతున్న ఒక ఫంక్షన్ హాలుకి వెళ్ళింది.

ఆ హాలు అచ్యుతరావుగారిది. పెదపాడు అవతల చేపల చెరువులున్న మనిషి, అరవై దాటిన వయసు. ఒకసారి హైదరాబాదు వెళ్ళి, అక్కడ ఒంటినిండా లోహపు పలకలు తొడుక్కుని తళతళలాడే పెద్ద పెద్ద భవనాలు చూశారు. ఒక్కోదాని ముందు ఆటో ఆపించి మెడ వెనక్కి వాల్చి చూశారు. ఇంటికొచ్చాక రెండు రోజులు మెడకి తైలం రాయించుకుంటూనే, "మన రోడ్డు మీద కూడా అలాంటిది ఒకటుండాలండీ. బస్సులో నిద్రపోయేవాడు లేచి చూడాలి" అని ఇంట్లో అందరికీ చెప్పారు.

దానికి నమూనా గీసింది గాయత్రి. ఏలూరు అమ్మాయే, ఇరవై ఎనిమిదేళ్ళు. సొంతంగా చేస్తున్న మొదటి పెద్ద భవనం అది. అచ్యుతరావుగారు మెరిసే పలకలు అడిగితే, ఆ అమ్మాయి కదిలే పలకలు ఇస్తానంది. మూడంతస్తుల ముందు గోడ మొత్తాన్నీ జానెడు పొడవు, అరచెయ్యంత వెడల్పు ఉన్న అల్యూమినియం రేకులతో కప్పాలి. తొమ్మిది వేల పైచిలుకు రేకులు. ఒక్కోటీ పైఅంచు దగ్గర కీలు మీద వేలాడుతుంది. దక్షిణం నుంచి పైరగాలి వస్తే వరిచేను వంగినట్టు గోడంతా వంగుతుంది, లేస్తుంది.

"గోడ వంగుతుందా అమ్మా?" అని అచ్యుతరావుగారు మూడుసార్లు అడిగారట.

"గోడ వంగదండీ, గోడ మీద రేకులు కదులుతాయి. చూసేవాళ్ళకి గోడే వంగినట్టుంటుంది."

"అయితే కానియ్యి. నాకు చూసేవాళ్ళే కావాలి."

ఎలిజబెత్ దోనెలు బిగించడానికి వెళ్ళిన రోజునే, పొరుగూరి నుంచి వచ్చిన కంపెనీ వాళ్ళు గోడ మీద ఒక మూల మూడొందల రేకులు నమూనాగా తగిలించారు. మధ్యాహ్నం మూడింటికి పైరగాలి మొదలైంది. మూడొందల రేకులూ ఒక్కసారిగా మోగాయి. పెళ్ళిభోజనాల దగ్గర స్టీలు గ్లాసుల బుట్ట మెట్ల మీంచి దొర్లితే ఎలా ఉంటుంది? ఆ బుట్ట దొర్లడం ఆగకపోతే? అలా ఉంది. రోడ్డవతల కుక్కలు మొరిగాయి. అచ్యుతరావుగారు రెండు చెవులూ మూసుకుని ఏదో అరుస్తున్నారు గానీ ఎవరికీ వినపడలేదు. గాలి కాస్త తగ్గాక వినపడింది.

"మంత్రాలు వినపడవు కదమ్మా! పంతులుగారు మాంగల్యం తంతునానేనా అంటే, ఇవి గళగళగళ అంటాయి. పెళ్ళైందో లేదో ఎలా తెలుస్తుంది?"

కంపెనీ సూపర్‌వైజరు తేలిగ్గా తీసుకున్నాడు. "కింద కూడా రివెట్ కొట్టేస్తే కదలవండి. చప్పుడుండదు. మెరుపు మెరుపే."

గాయత్రి ఇసుక కుప్ప వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎలిజబెత్ అప్పుడే చేతులు కడుక్కుని అన్నం క్యారేజీ విప్పుతోంది. ఎక్కిళ్ళకి ఎగిరే ఆ పిల్ల భుజాలు చూసి క్యారేజీ మూత మళ్ళీ పెట్టేసింది.

"అమ్మా, ఒక మాట చెప్పనా అండీ? మీ మూతలకి కీలు బాగాలేదు."

"మూతలు కాదండీ, ఫ్లాప్‌లు" అంది గాయత్రి కళ్ళు తుడుచుకుంటూ.

"ఏదైనా ఒకటేనండీ. పైనుంచి వేలాడేది మూతే. లోహంలో లోహం తిరుగుతోంది, అందుకు కిర్రుమంటోంది. కింద అంచు పదునుగా ఉంది, వెనక ఫ్రేముకి తగిలి టంగుమంటోంది. నాకు నాలుగు రేకులివ్వండి. రేపు తెచ్చి చూపిస్తాను."

సూపర్‌వైజరు నవ్వాడు. గాయత్రి నాలుగు కాదు, పన్నెండు ఇచ్చింది.

ఆ సాయంత్రం ఎలిజబెత్ దుకాణంలో కూర్చుని రేకు పైఅంచుని చెక్కసుత్తితో తీగ చుట్టూ గొట్టంలా మడిచింది. తీగ బయటికి లాగేసి, ఆ సందులో సన్నటి మెత్తటి గొట్టం ముక్క దూర్చింది. అది చెరువుల వాళ్ళు చేపపిల్లల సంచుల్లోకి ఆక్సిజన్ పట్టే గొట్టం. దుకాణంలో ఎప్పుడూ ఒక చుట్ట ఉంటుంది. ఆ గొట్టంలోంచి మళ్ళీ తీగ. ఇప్పుడు లోహానికి లోహం తగలదు. కింద అంచు కూడా లోపలికి చుట్టి, వెనక తగిలే చోట అదే గొట్టం చీలిక ఒకటి అంటించింది. పూర్తయ్యాక ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మూడు నచ్చలేదు, విప్పి మళ్ళీ చేసింది.

మర్నాడు వెస్లీ ఆటోలో ఆ పన్నెండు రేకులూ ఒక చట్రానికి తగిలించి తీసుకెళ్ళారు. దారిలో ఆటో వేగానికే అవి లేచి వాలుతున్నాయి. తాడేపల్లిగూడెం వైపు పోయే బస్సొకటి పక్కనొచ్చి, కిటికీల్లోంచి పిల్లలు తొంగి చూశారు. "ఏంటండీ అది?" అని ఒకావిడ అరిచింది. వెస్లీ హ్యాండిల్ వదలకుండానే తల బయటపెట్టి, "మూతలండీ" అన్నాడు.

హాలు దగ్గర చట్రాన్ని గాలికి ఎదురుగా పెట్టారు. రేకులు లేచాయి, వాలాయి. ఎండుటాకులు కదిలినంత చప్పుడు, అంతే. అచ్యుతరావుగారు చట్రం దగ్గరికొచ్చి చెవి ఆనించారు. లేచి అటూ ఇటూ చూసి, పంతులుగారిని పిలిపించమన్నారు.

"ఇప్పుడెందుకండీ?" అంది గాయత్రి.

"మంత్రం చదివించి చూద్దాం."

పంతులుగారు దొరకలేదు. వెస్లీ పాడతానన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని ఒక క్రైస్తవ కీర్తన అందుకున్నాడు. రెండు చరణాలయ్యాయి. అచ్యుతరావుగారు యాభై అడుగుల దూరం వెళ్ళి విన్నారు, వంద అడుగుల దూరం వెళ్ళి విన్నారు, చివరికి రోడ్డు మీద నుంచి చెయ్యూపారు. "ప్రతి అక్షరం వినపడుతోందయ్యా! ఇక చాలు, లారీలొస్తున్నాయి!"

అలా ఆ పని ఎలిజబెత్‌కి వచ్చింది. తొమ్మిది వేలు ఒక్కతే చేయలేదు కాబట్టి ఇంకో ఆరుగురు ఆడవాళ్ళని కూడగట్టింది. వాళ్ళలో పెదపాడులో వలలు బాగుచేసే కనకమ్మ ఉంది, మిషను కుట్టే దీవెన ఉంది. రేకు పని ఎవరికీ రాదు, వేళ్ళు మాత్రం అందరివీ చురుకైనవే. హాలు వెనక రేకుల షెడ్డులో కూర్చుని మే, జూన్, జూలై మూడు నెలలు మడిచారు. రోజూ మధ్యాహ్నం ఎలిజబెత్ పూర్తయిన మూతల వరసలో నడుస్తూ ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఊపేది. ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళిపోతే కనకమ్మ కంగారుపడేది. "బాగుందో లేదో చెప్పొచ్చు కదండీ" అని ఒకరోజు అడిగేసింది. ఎలిజబెత్ ఆగి, ఇంతకాలం తను తండ్రిలాగే చేస్తున్నానని గ్రహించి, ఆ రోజు నుంచి నోరు విప్పి చెప్పడం మొదలుపెట్టింది. "బాగుంది కనకమ్మా, భలే ఉంది" అంటే కనకమ్మ మొహం చాటంత అయ్యేది.

ఆగస్టులో తగిలించే పని వచ్చింది. కంపెనీ వాళ్ళు చట్రాలు బిగించారు గానీ మూతలు తగిలించడం వాళ్ళ చేతుల్లో సరిగా కుదరలేదు. తీగని ఎంత బిగించాలో ఎలిజబెత్‌కే తెలుసు. ఎక్కువ బిగిస్తే కదలవు, తక్కువ బిగిస్తే ఊడతాయి. మేడ పైనుంచి ఇనుపతాళ్ళతో వేలాడే తొట్టెలో నిలబడి తగిలించాలి. కూలీలు దాన్ని ఉయ్యాల అంటారు.

బెల్టు కట్టి, హెల్మెట్ పెట్టి, రెండు కొక్కేలు తగిలించి ఆవిడని ఉయ్యాల ఎక్కించారు. తోడుగా దీవెన ఎక్కింది. మోటారు గుర్రుమంది, ఉయ్యాల మొదటి అంతస్తు దాటింది. ఎలిజబెత్‌కి పొట్టలో బుడగలు మొదలయ్యాయి. రెండో అంతస్తు దాటింది. పెదాలు బిగించింది. మూడో అంతస్తు దగ్గర ఉయ్యాల ఆగి కాస్త ఊగేసరికి ఇక ఆగలేదు. పగలబడి నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. దీవెన ముందు భయపడింది, తర్వాత ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే తనూ నవ్వింది.

కింద సూపర్‌వైజరు వాకీటాకీలో అరిచాడు. "పైన ఏమైందండీ? ఆవిడకేమైనా ఫిట్సా?"

నిచ్చెన పట్టుకునే అలవాటున్న వెస్లీ పట్టుకోవడానికి ఏమీ లేక రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. "ఏం లేదండీ. ఆవిడకి ఎత్తెక్కితే అంతే. బాగుందని అర్థం."

పైనుంచి చూస్తే పచ్చటి చేలు, వాటి మధ్య అద్దం ముక్కల్లా చేపల చెరువులు, చెరువు గట్ల మీద కొబ్బరిచెట్లు. దూరంగా కొల్లేరు దిక్కున తెల్లటి మసక. రైలు కట్ట మీద వెళ్ళే గూడ్సు ఎవరో నేల మీద లాగుతున్న గొలుసులా ఉంది. ఒక గూడబాతు సంచీ ముక్కు వేలాడేసుకుని, పెద్ద రెక్కలు చాపి సరిగ్గా ఆవిడ కళ్ళ ఎత్తులో, పాతిక అడుగుల దూరంలో దాటిపోయింది. దాని గుండ్రటి కన్ను కూడా కనపడింది.

"దీవెనా, అది మనల్ని చూసిందే!"

"చూసింది అక్కా. మనమెవరమా అనుకుని ఉంటుంది."

ఇద్దరూ మళ్ళీ నవ్వారు. మొదటిరోజు నలభై మూతలే తగిలించారు. రెండోరోజు నూట అరవై. నెల తిరిగేసరికి నవ్వుతూనే రోజుకి మూడొందలు తగిలించేశారు.

పని సగమైనప్పుడు ఒక సంగతి బయటపడింది. హైవే మీద పొడుగాటి కంటైనరు లారీ ఒకటి వేగంగా వెళ్ళింది. దాని గాలికి కింది వరసలు లేచాయి. లారీ ఎంత వేగంగా వెళ్ళిందో అంత వేగంగా గోడ మీద ఒక అల ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తింది. తగిలిస్తున్న వాళ్ళు పని ఆపి చూశారు. వెనకే ఇంకో లారీ, ఇంకో అల. గాయత్రి కారు దిగుతూ చూసింది. నమూనా గీసిన మనిషికి కూడా ఇది తెలియదు. చెప్పులు వదిలేసి రోడ్డు పక్కకి పరిగెత్తి, వచ్చే లారీలకి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. డ్రైవర్లు ఎవరో చుట్టాలమ్మాయి అనుకున్నారో ఏమో హారన్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

అక్టోబరు చివరికి తొమ్మిది వేల మూతలూ పూర్తయ్యాయి. కార్తీకమాసం వచ్చింది. పొద్దున్నే ఎండ ఆగ్నేయం నుంచి ఏటవాలుగా గోడ మీద పడసాగింది. నాలుగో రోజు ఉదయం ఏడున్నరకి రోడ్డవతలి ఇంటి నుంచి వీరరాఘవమ్మగారు గొడుగు పట్టుకుని వచ్చారు. డెబ్భై ఏళ్ళావిడ. నాలుగు గేదెలున్నాయి, ఇద్దరు కొడుకులు వ్యవసాయం చేస్తారు. ఎండ ఇంకా ముదరలేదు, వాన లేదు, గొడుగు మాత్రం విప్పి ఉంది.

"ఏవండీ, ఈ మూతలు పెట్టినావిడ ఎవరండీ?"

ఎలిజబెత్ ముందుకొచ్చింది. "నేనేనండీ."

"అమ్మాయ్, నీ మూతలు మా ఇంట్లోకొచ్చేస్తున్నాయమ్మా. గోడ మీద చుక్కలు, దేవుడి పటాల మీద చుక్కలు, మంచం మీద చుక్కలు. చుక్కలు ఉన్నచోట ఉంటాయా? పరిగెడతాయి! మా గేదె వాటిని చూసి కాలు ఎగరేసి పాలబిందె తన్నేసింది. మా మనవరాలు వాటిని పట్టుకుంటానని మంచాల మీద గెంతుతోంది, బడికి తయారవదు. ఈ గొడుగు ఎందుకనుకున్నావు? ఆ మెరుపుల్లోంచి నడిచి రావడానికి."

అచ్యుతరావుగారు గబగబా వచ్చి నమస్కారాలు పెట్టారు. ఇంకో పది రోజుల్లో హాలులో మొదటి పెళ్ళి. గాయత్రి మొహం పాలిపోయింది. ఎలిజబెత్ మాత్రం, "రేపు పొద్దున్న మీ ఇంటికొస్తానండీ. మీరు చూపించండి" అంది.

మర్నాడు ఏడింటికల్లా వీరరాఘవమ్మగారి వసారాలో కూర్చుంది. చేతికి కాఫీ ఇచ్చారు. ఏడుంబావుకి ఎండ గోడ మీదికి వచ్చింది. రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది. అంతే. తెల్లటి వెలుగు చుక్కలు వందలకొద్దీ వసారాలోకి దూకాయి. స్తంభం ఎక్కాయి, చూరు పట్టుకుని పాకాయి, వీరరాఘవమ్మగారి తెల్లజుట్టు మీద గెంతాయి, గోడ మీది క్యాలెండరులో తారీఖులన్నిటినీ ఒకసారి తాకి, కిటికీలోంచి బయటికి పోయాయి. గేదె తాడు లాగింది. మంచం మీది మనవరాలు కేకపెట్టి చేతులు చాపింది. ఎలిజబెత్ నేల మీదే కూర్చుని ఉంది, ఎత్తు ఎక్కలేదు. అయినా కాఫీ గ్లాసు కింద పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వుతున్నావా అమ్మాయ్?"

"లేదండీ."

"నవ్వుతున్నావు."

"మరి మీ తల మీద ఎలా గెంతాయో మీకు కనపడలేదు కదండీ!"

వీరరాఘవమ్మగారు కోపంగా చూడబోయారు. సరిగ్గా అప్పుడే ఇంకో లారీ వెళ్ళింది, చుక్కలన్నీ ఎలిజబెత్ ముక్కు మీదికి వచ్చాయి. ఆవిడ తుమ్మింది. పెద్దావిడ నోరు తెరిచి నవ్వేశారు. నవ్వి, "అయినా గేదె పాలివ్వాలి కదమ్మా" అన్నారు. ఆ మాటా నిజమే.

ఏ వరసల నుంచి ఆ వెలుగు వస్తోందో కనిపెట్టడానికి ఆ ఒక్కరోజూ చాలలేదు, మూడు ఉదయాలు పట్టింది. ఎలిజబెత్ వసారాలో ఫోను పట్టుకుని కూర్చునేది. అవతల ఉయ్యాలలో దీవెన, కనకమ్మ ఒక దుప్పటి పరిచి మూతల మీద కప్పేవాళ్ళు.

"ఇంకో రెండు వరసలు కిందకి. అదిగో, మంచం మీదివి పోయాయి. ఇంకొంచెం కుడికి జరపండి. గేదె మీదివి పోయాయి! ఆ వరస గుర్తుపెట్టు దీవెనా!"

గేదె నిజంగానే మెడ దించి గడ్డి అందుకుంది.

అలా మొత్తం పదకొండు వందల మూతలు తేలాయి. వాటికి మెరుపు తగ్గించాలి. రంగు వేస్తే బరువు మారుతుంది, ఊపు మారుతుంది. గాయత్రి ఏవేవో రసాయనాల పేర్లు చెప్పింది. కనకమ్మ విని, గిన్నెలు తోమే పీచు తెచ్చి, ఒక పాత మూత మీద నాలుగు రుద్దులు రుద్ది చూపించింది. మెరుపు పోయి వెన్నెల రంగు మిగిలింది. ఆ పీచు ఒక బస్తాడు తెప్పించారు. ఆరుగురు ఆడవాళ్ళు ఉయ్యాల మీద వంతులు వేసుకుని, అంట్ల కబుర్లు చెప్పుకుంటూ, హైవే మీద పోయే లోకమంతా చూస్తుండగా అచ్యుతరావుగారి మేడని తోమారు. "మా ఇంట్లో గిన్నెలు కూడా ఇంత శ్రద్ధగా తోమలేదండీ" అంది కనకమ్మ.

చివరి వరస తోముతుండగా వీరరాఘవమ్మగారు మళ్ళీ గొడుగుతో వచ్చారు. ఈసారి గొడుగు మూసి ఉంది.

"అమ్మాయ్, అన్నీ తోమేయకు. మా వంటింటి మూల ఒకటి చీకటిగా ఉంటుంది. పొద్దున్న ఉప్పుడబ్బా ఏదో పప్పుడబ్బా ఏదో తెలియదు. మొన్న అక్కడికి ఒక గుంపు చుక్కలొచ్చాయి, హాయిగా కనపడింది. ఆ మూతలేవో ఉంచేయవా?"

ఎలిజబెత్ మళ్ళీ వెళ్ళి వంటింట్లో కూర్చుంది. మళ్ళీ ఫోను, మళ్ళీ దుప్పటి. ముప్ఫై ఆరు మూతలు అలాగే మెరుస్తూ ఉంచేశారు. చలికాలం పొద్దున్న ఏడున్నర నుంచి ఎనిమిదింటి దాకా అవి వీరరాఘవమ్మగారి పప్పుడబ్బాల మీద వెలుగు పోస్తాయి.

మొదటి పెళ్ళినాడు బంగాళాఖాతంలో అల్పపీడనం. వాన లేదు గానీ పొద్దుటి నుంచి ఒకటే గాలి. అచ్యుతరావుగారు పట్టుపంచె ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకుని గోడ కింద అటూ ఇటూ తిరిగారు.

"ఎగిరిపోవు కదమ్మా?"

"ఎగరవండీ."

"ఒక్కటి కూడా?"

"ఒకటో రెండో ఎగిరితే ఎగురుతాయండీ. తొమ్మిది వేలు కదండీ. మళ్ళీ చేస్తాను."

ఆ జవాబుకి ఆయన తెల్లబోయారు, తర్వాత అదే ధైర్యంగా తోచింది కాబోలు, లోపలికి వెళ్ళి పెళ్ళిపెద్దల పక్కన కూర్చున్నారు. లోపల మంత్రాలు స్పష్టంగా వినపడుతున్నాయి. బయట గోడ మీద గాలి ఆడుతోంది. కిందనుంచి పైకి ఒక పెద్ద అల లేచి, పైన విరిగి, రెండుగా చీలి పక్కలకి జారిపోతోంది. మధ్యలో సుడి తిరుగుతోంది. వెన్నెల రంగు మూతల్లోంచి మెరుపు మూతల్లోకి పాకి, మబ్బు చాటుకి వెళ్ళిన ఎండ మళ్ళీ వస్తే ఒక్కసారిగా భళ్ళున వెలుగుతోంది. వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళడం మానేశారు. భోజనాల దగ్గర ఆకులు వేసినా ఎవరూ కదలరు. సన్నాయి ఊదేవాళ్ళు గోడ వంక చూస్తూ ఊదుతుంటే పాట ఎటో వెళ్ళిపోయింది. హైవే మీద కార్లు ఆగాయి, ఆర్టీసీ బస్సొకటి ఆగింది. కండక్టరు దిగి, "రెండు నిమిషాలేనండీ" అని ప్రయాణికులకి చెప్పి తానే ఐదు నిమిషాలు నిలబడ్డాడు. తాళి కట్టాక పెళ్ళికూతురు, "అందరూ ఏం చూస్తున్నారు, నేనూ చూస్తాను" అని పంతం పట్టింది. కొంగుముళ్ళతోనే ఇద్దర్నీ బయటికి తీసుకొచ్చారు. గాలికి తలంబ్రాల బియ్యం వాళ్ళ జుట్టులోంచి ఎగిరి జనం మీద పడింది.

గాయత్రి ఎలిజబెత్ చెయ్యి పట్టుకుని, "ఆంటీ, నా కాళ్ళు నేల మీద ఉన్నాయా?" అంది.

"నాకూ అదే అనుమానంగా ఉందమ్మా."

మూడు మూతలు ఊడాయి. ఒకటి మిరపకాయ బజ్జీల బండి మీద పడింది. మర్నాడు ఎలిజబెత్ ఎక్కి కొత్తవి తగిలించింది.

ఇది జరిగిన ఏడాదికి ఎలిజబెత్ దుకాణం ముందు బోర్డు మారింది. ఆరుగురు ఆడవాళ్ళు పదకొండు మంది అయ్యారు. దీవెన ఇప్పుడు తీగ బిగింపు చూసే మనిషి. ఈమధ్య తాడేపల్లిగూడెం నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఉల్లిపాయల వ్యాపారి తాతాజీగారు రోడ్డు మీద పెద్ద గోదాము, దాని ముందు ఆఫీసు కడుతున్నారు. ఆఫీసు గుండ్రంగా ఉండాలి, పొరలు పొరలుగా రేకు తొడగాలి, రంగు అచ్చం ఎర్ర ఉల్లిపాయలా ఉండాలి అని ఆయన కోరిక. గాయత్రి రంగు పలకలు ముప్ఫై రకాలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఏదీ ఆయనకి నచ్చలేదు.

"ఇది కాదమ్మా. ఇది వంకాయ. ఇదేమో బీట్‌రూట్. ఉల్లి రంగు అంటే ఎలా చెప్పాలి మీకు?" అంటూ లేచి, గోదాములోంచి ఒక బుట్టెడు ఉల్లిపాయలు తెప్పించారు. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కోటీ ఒలవడం మొదలుపెట్టారు. మొదటి పొర మరీ ముదురు, రెండోది కాస్త నయం, మూడో పొర దగ్గర, "ఇదిగో, ఇది!" అన్నారు. ఎండకి ఎత్తి పట్టుకుంటే మళ్ళీ, "కాదు, ఇంకోటి" అన్నారు. ఎలిజబెత్ ఒలుస్తోంది, గాయత్రి ఒలుస్తోంది, ఆటో దగ్గరుండాల్సిన వెస్లీ కూడా వచ్చి ఒలుస్తున్నాడు. పది నిమిషాలకి బల్ల చుట్టూ అందరికీ కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. పలక ఏదో, పొర ఏదో ఎవరికీ కనపడటం లేదు.

"కనపడిందా అమ్మా ఆ రంగు?" అన్నారు తాతాజీగారు ముక్కు ఎగబీలుస్తూ.

"ఏమీ కనపడటం లేదండీ" అంది ఎలిజబెత్ కళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ. "ఇంకో నాలుగు ఒలవండి."